బీరు గదిలో ఎర్రదీపం

పిల్లలూ, ఈ కథ మీకింతవరకు ఎవరూ చెప్పలేదు. మీ నాన్న చెప్పబోయినప్పుడల్లా నేనే నోరు మూయించాను. డ్రెస్డెన్ ఇంట్లో బీరు ఊరాల్సిన గదిని నేను ఫ్రిజ్ చేసేశాను!

లాక్‌డౌన్ రోజులు. మీకింకా ఊహ తెలీదు. మనం క్వారంటీన్‌లో ఉంటే పైఇంటి క్లౌస్ తాత పాలూ బ్రెడ్డూ తెచ్చి గుమ్మం ముందు పెట్టి వెళ్ళేవారు. అందుకని ఆయన పుట్టినరోజుకి సొంతంగా బీరు చేసి ఇస్తానని మీ నాన్న మాటిచ్చేశారు. మీరు పడుకునే గది పక్కనే, స్టోర్‌రూమ్‌లో పెద్ద బకెట్టు. మూత మీది గొట్టంలోంచి బుడుంగ్ బుడుంగ్‌మని బుడగలు.

“ఏంటండీ అవి?”

“కార్బన్ డయాక్సైడ్. అప్పుడప్పుడు కిటికీ తీస్తే చాలు.”

ఇంక నాకు నిద్రెక్కడిది! అప్పుడు స్కూళ్ళలో పెట్టేవారే, ట్రాఫిక్ సిగ్నల్‌లా గాలి బాగుంటే పచ్చదీపం, చెడితే ఎర్రదీపం వెలిగే ఆంపెల్ డబ్బా, అదొకటి ఆర్డర్ చేశాను. గదిలో పెట్టి, వంగి చూశాను. ఎరుపు! కిటికీ బార్లా తీశాను. బయట మంచు కురుస్తోంది. మళ్ళీ వంగి చూశాను. ఎరుపే! కిటికీ ఇక మూస్తే ఒట్టు.

బుడగలు ఆగిపోయాయి.

“చలికి ఈస్ట్ నిద్రపోయింది సుధా! కిటికీ ముయ్యి!”

“మన పిల్లలు నిద్రలేవకపోతేనో?”

“నీ ఇడ్లీపిండికేమో దుప్పటీ, హీటరూ. నా బీరుకి మంచా!”

ఆయన మూయడం, నేను తీయడం. చివరికి విసిగిపోయి నన్ను బయటికి లాగి తలుపు మూశారు. తలుపుకున్న అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాం. ఎరుపు కాస్తా పసుపైంది. తర్వాత పచ్చ!

“ఇప్పుడు లోపలికెళ్ళి, రోజూ చూసినట్టే చూడు.”

వెళ్ళాను. వంగి, డబ్బాకి మొహం ఆనించి చూశాను. ఎరుపు!

“అది నీ ఊపిరే తల్లీ!” ఆయన గోడ పట్టుకుని నవ్వుతున్నారు. ఊరంతా మాస్కుతో తిరిగిన మనిషిని, ఆ డబ్బా ముందు మాత్రం మాస్కు తీసేశాను.

బకెట్టుని ఇడ్లీపిండి పక్కకి చేర్చి, అదే దుప్పటి కప్పాం. బుడగలు మళ్ళీ మొదలయ్యాయి. పుట్టినరోజు నాడు తాత మెట్ల మీదే ఒక గుక్క తాగి, చాలాసేపు ఆలోచించి, “ఇంటరెసాంట్” అన్నారు. నచ్చలేదని చెప్పలేనప్పుడే జర్మన్లు ‘ఆసక్తికరంగా ఉంది’ అంటారని నాకంటే మీకే బాగా తెలుసు.

రేపు మీ పిల్లలకీ ఈ కథ చెప్పండి. గాలి చెడగొట్టింది బీరు కాదు, మా అమ్మేనని చెప్పండి. పర్లేదు, నవ్వుకోనివ్వండి.

చెప్పేటప్పుడు మాత్రం కిటికీ కొంచెం తీసి ఉంచండి.