బామ్మర్ది మాస్కు పట్టీ

ఉట్నూరు అడవిలో నాకు ఎదురుపడిన ఎలుగుబంటి మర్యాదగా పక్కకు జరిగి దారిచ్చిన సంగతి మా చుట్టాలందరికీ తెలుసు. చిన్నప్పుడు బెల్లంపల్లిలో నేను గులేరుతో కొట్టిన రాయి ఇంకా కింద పడలేదన్న సంగతీ తెలుసు. నలుగురు కూర్చున్న చోట నా నాలుక ఊరుకోదు, కాలు అంతకన్నా ఊరుకోదు. కరీంనగర్ బయట వలలు కట్టి పెయింట్‌బాల్ ఆట పెట్టారని వినగానే బండి తీసి అందరికన్నా ముందు పోయి చూసి వచ్చింది నేనే. చూసి ఊరుకోవలసింది. ఇంటికొచ్చి చెప్పులన్నా విడవకుండా మా బామ్మర్దికి ఫోన్ చేశాను.

"రంగు గోళీలు బామ్మర్దీ! గన్నుల పోసి కొడ్తె తాకినకాడ పలిగి పసుపు రంగు అంటుకుంటది. ఇనుప డ్రమ్ములు, పాత టైర్లు, ఇసుక బస్తాలు. వాటెనక దాక్కునుడు, ఉరుకుడు. హోళీకి హోళీ, లడాయికి లడాయి!"

అవతల సాంచాల చప్పుడు. మరమగ్గాలను మా వైపు సాంచాలు అంటారు. అతని బతుకంతా ఆ చప్పుడులోనే. ఆ చప్పుడు మధ్యనుంచే నెమ్మదిగా అడిగాడు.

"బావా, నేను గూడ ఆడొచ్చునా?"

అప్పుడు గానీ నాకు గుర్తు రాలేదు. అతని పెళ్లికి ముందు, సాంచె మీద పరుగెత్తే నాడె దారి తప్పి ఎగిరొచ్చి ఎడమ కంటికి తగిలింది. ఆ కన్ను పోయింది. ఇప్పుడున్నది కుడిది ఒక్కటే. తెగిన పోగు వెతికేదీ దానితోనే, బండి నడిపేదీ దానితోనే, పిల్లల ముఖాలు చూసుకునేదీ దానితోనే.

"ఎందుకాడొద్దు?" అన్నాను. నాలుక కదా, ఊరుకోదు.

పక్క గదిలోంచి నా భార్య వచ్చి నిలబడింది. అతనికి సొంత అక్క.

"నీకేమన్న దిమాక్ ఉన్నదా? వానికి ఉన్న ఒక్క కన్ను గూడ రంగుల పోస్తవా?"

"మాస్కు ఉంటదే. ముఖమంత మూస్తది. గట్టి అద్దం. నేను చూసొచ్చిన."

"ఎలుగుబంటిని గూడ చూసొచ్చిన అంటివి."

ఆమె మాట మీద కంటి డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన అతని కన్ను చూశాడు గానీ చెప్పవలసింది మాత్రం నాకు చెప్పాడు. "వల లోపల ఉన్నంతసేపు మాస్కు ముఖం మీదనే ఉండాలె. చెమట వట్టినా, దురద వెట్టినా, అద్దం మసకవడినా. గట్ల ఉండేటట్టయితేనే ఆడుండ్రి. లేకుంటె క్యారంబోర్డు మంచిగుంటది."

ఇంటికొచ్చాక నా భార్య చివరి మాట చెప్పింది. "వాడేమన్న చిన్న పోరడా, నేను ఆపుతె ఆగెటందుకు? పొండ్రి. కని వాని కన్ను నువ్వు తీస్కపోతున్నవ్. మల్ల నువ్వే తేవాలె."

ఆ మాట అన్ననాటి నుంచి నా కాళ్లకు మరింత నిలకడ లేకుండా పోయింది. రోడ్డు మీద ఎవరి గడ్డానికో హెల్మెట్ పట్టీ వేలాడుతుంటే చూసి, సిగ్నల్ దగ్గర పిలిచి మరీ పెట్టించేవాణ్ణి. తిట్లు తిన్నాను. అయినా మానలేదు.

అక్కడ ఆట నడిపేది ఒక స్త్రీ. వారమంతా బడిలో పీటీ టీచరు, ఆదివారం వలల్లో విజిల్. మొదటి రోజు మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టి చెప్పింది.

"అంకుల్, మీకే చెప్తున్న, జర ఇటు సూడుండ్రి. అద్దం మసకవడ్డదా, కింద కూసొని తల వంచి చెయ్యి లేపుండ్రి. నేను ఆట ఆపి బయటికి తీస్కపోత. మాస్కు మాత్రం తియ్యొద్దు. వల దాటి బయటికి పోతుంటె గన్ను మూతికి తొడుగు వెయ్యాలె. కొట్టెటప్పుడు తప్ప వేలు ట్రిగ్గర్ మీద ఉండొద్దు. అవతలోడు బగ్గ దగ్గర దొరికితె కొట్టొద్దు, లొంగిపొమ్మని అడగాలె. దగ్గరి దెబ్బ తోలు లేపుతది."

అంకుల్ అన్నందుకు నాకు కోపం వచ్చింది గానీ మిగతాది విన్నాను.

గులేరు పట్టిన చేయి కదా, ఈ గన్నెంత అనుకున్నాను. డ్రమ్ము మీది నుంచి లేచి నిలబడి, ఒక కన్ను మూసి, నాలుక బయటపెట్టి గురి చూశాను. గురి కుదిరే లోపు అవతలి వాళ్లు నన్ను నలుగు పెట్టిన పెండ్లికొడుకును చేశారు. మా బామ్మర్ది పరిస్థితి ఇంకా అన్యాయం. ఎడమ పక్క నుంచి ఎవరొచ్చినా అతనికి తెలియదు. ప్రతి ఆటలో మొదట బయటికొచ్చేది అతనే. ఎడమ భుజం అంతా పసుపే.

"ఇడుస్తవా?" అని అడిగాను, ఇడుస్తాడేమోనన్న ఆశతో.

"ఇడుసుడేంది బావా. ఎడమ పక్క కొడ్తున్నరని ఎర్కయింది గద. గా పక్కకు ఏదన్న అడ్డం వెట్టుకుంట."

ఆ మాట పట్టుకుని మా ఇంటి డాబా మీద సాధన మొదలైంది. దండెం మీద ఆరేసిన చీరలే మాకు గోడలు. చీపురు కట్టలే గన్నులు. ఎప్పుడూ అడ్డాన్ని ఎడమ చేతి వైపే ఉంచుకుని, కుడి పక్క నుంచి మాత్రమే తొంగి చూడడం అలవాటు చేసుకున్నాడు. అడ్డం పైనుంచి తల లేపకూడదు, కింద మోకాలి ఎత్తులో పక్క నుంచి చూడాలి. ఒకసారి చూసిన చోట రెండోసారి కనపడకూడదు. గోళీలు ఊరికే గుప్పించకుండా, ఒకటి రెండు వేసి చోటు మారాలి. ముక్కుతో నెమ్మదిగా ఊపిరి వదలాలి, లేకుంటే అద్దానికి ఆవిరి పడుతుంది. ఇవన్నీ విజిలామె చెప్పినవే. కొన్ని మాత్రం దెబ్బలు చెప్పాయి.

చీరల మధ్య మేమిద్దరం వంగి వంగి ఉరుకుతుంటే ఎదురింటి వాళ్లు తలుపు వేసుకునేవారు. నా భార్య ఉతికిన చీరలు మళ్లీ ఉతుక్కుంది. మెట్ల మీద నిలబడి తమ్ముణ్ణి చూసేది.

నిజం చెప్పాలంటే అతను నన్ను దాటిపోయాడు. నేను ఒకచోట నిలవలేను. డ్రమ్ము వెనక కూర్చోగానే అరికాళ్లలో చీమలు పాకుతాయి, లేచి ఉరుకుతాను, తగులుతుంది. అతను కూర్చుంటే కూర్చున్నట్టే. గెలవడానికి నాకు మిగిలింది నోరు ఒక్కటే. "బామ్మర్దీ, నీ ఎనక పాము!" అని అరిచేవాణ్ణి. అతను తిరిగేవాడు, నేను కొట్టేవాణ్ణి. ఇంకో ఆదివారం "అక్క వచ్చింది, గేటు కాడ నిలవడ్డది!" అన్నాను. మళ్లీ తిరిగాడు. ఆ తర్వాత తిరగడం మానేశాడు. నేనేం అరిచినా మాస్కులోంచి నవ్వు ఒక్కటే వినపడేది.

దసరా మర్నాడు ఆదివారం, బెల్లంపల్లి నుంచి మా చిన్నాయన కొడుకు వచ్చాడు. బొగ్గు గనిలో పని, పట్టిందల్లా పూర్తి చేసే రకం. అతను నా పక్కన ఆడాడు. బామ్మర్ది అవతలి పక్క. బావా బామ్మర్దులు ఒకే పక్క ఆడితే పరాచికానికి చోటెక్కడిది? ఆ రోజు బామ్మర్ది పండగ చుట్టాలను సాగనంపి, ఊరి నుంచి నేరుగా మైదానానికే వచ్చాడు. ఆలస్యమైంది. నేనప్పటికే మాస్కు కట్టుకుని లోపల ఉన్నాను. దూరం నుంచే చొక్కా జేబు తట్టి చూపించాడు. జమ్మి ఆకు. పండగ తర్వాత బావ మొదటిసారి కనపడ్డప్పుడు ఆ ఆకునే బంగారమని చేతిలో పెట్టి, కాళ్లు మొక్కి, అలయ్ బలయ్ అని కౌగిలించుకోకుండా మాట మొదలుపెట్టడం మా ఇళ్లలో లేదు. కానీ విజిల్ పడింది.

నేను నిలవలేక రెండు డ్రమ్ముల మధ్య నుంచి ఉరికి, టైర్ల గుట్ట వెనక్కి పోయి ఆయాసపడుతూ కూర్చున్నాను. కూర్చున్నానో లేదో వెనక నుంచి మెత్తగా వినపడింది.

"బావా. లొంగిపోతవా?"

తిరిగి చూస్తే చేయి చాస్తే అందేంత దగ్గరలో ఉన్నాడు. తన ఎడమ పక్కకు టైర్లు అడ్డం, గన్ను నేల వైపు. నేర్పింది నేర్పినట్టు చేశాడు. నేను చేయి పైకెత్తాను.

"లొంగిన తియ్యి. ఎట్ల వచ్చినవ్ బయ్, పిల్లి లెక్క?"

అతను పొంగిపోయాడు. చాలా రోజులకు బావను పట్టాడు, అదీ నోరెత్తనివ్వకుండా. నా ఆట అయిపోయింది. అందరి ఆటా అయిపోలేదు. ఆ తేడా ఆ సంతోషంలో అతనికి కనపడలేదు. ముఖం కప్పుకుని బావకు జమ్మి పెడతారా ఎవరైనా? గన్ను టైర్ల మీద పెట్టాడు. ఒక చేత్తో జేబులోంచి ఆకు తీశాడు. ఇంకో చేత్తో మాస్కును నుదుటి మీదికి లేపాడు.

"దసరా బంగారం బావా," అంటూ నవ్వుతున్నాడు. చెమట పట్టిన ముఖం. ఒక్క కన్ను.

"మాస్కు! మాస్కు దించు!" అని అరిచాను.

"ఇంకో పామా బావా?" అన్నాడు. నవ్వు ఆగలేదు.

అతని భుజం మీదుగా చూశాను. కుడి పక్క డ్రమ్ము చాటు నుంచి ఒక గన్ను మూతి బయటికి వస్తోంది. నా పక్క ఆడుతున్న బెల్లంపల్లి తమ్ముడిదే. అవతలి పక్క మనిషి చొక్కా ఒకటి బయట దొరికిందని గురి చూస్తున్నాడు. ఆ చొక్కాకు మాస్కు లేదని అక్కడి నుంచి తెలియదు. ఇటువైపు కేకలు అతనూ పట్టించుకోడు, నా కేకలు అతనికి చిన్నప్పటి నుంచి తెలుసు.

జీవితంలో మొదటిసారి నా కాలికి నిలకడ లేకపోవడం పనికొచ్చింది. ఒక్క గెంతులో పోయి బామ్మర్దిని అలయ్ బలయ్ పట్టాను. తల వెనక చేయి వేసి ముఖాన్ని నా ఛాతీకి అదిమి, అతనితో సహా గిర్రున తిరిగి నా వీపు డ్రమ్ము వైపు పెట్టాను. మూడో నాలుగో గోళీలు నడుం మీద, భుజం మీద పలిగాయి. ఒకటి మెడ మీద, చుట్టుకున్న తువాల జారిన చోట. ఎండాకాలం ఇనుప గేటు తాకినట్టు చురుక్కుమంది.

"ఇడువు బావా, ఊపిరాడ్తలేదు," అంటున్నాడు లోపలి నుంచి. ఇంకా అలయ్ బలయ్ అనుకుంటున్నాడు.

నేను వదల్లేదు. విజిల్ పడి, ఆమె ఉరికొచ్చి, అందరి గన్నులూ కిందికి దింపించేదాకా వదల్లేదు. ఆమే నా చేతులు విడదీసి, అతని మాస్కును కిందికి లాగి, పట్టీ బిగించి, ఇద్దరినీ రెక్కలు పట్టుకుని వల బయటికి నడిపించింది.

"గియాల మీ ఇద్దరికి ఆట బంద్," అంది. "పండుగ గిండుగ అన్ని వల బయట!"

బయట బామ్మర్ది నా మెడ చూశాడు. నన్ను వెనక్కి తిప్పి చొక్కా చూశాడు. పిడికిట్లో నలిగిన జమ్మి ఆకు అలాగే ఉంది. దాన్ని నా చేతిలో పెట్టి, కాళ్లు మొక్కడానికి వంగినవాడు చాలాసేపు లేవలేదు. బెల్లంపల్లి తమ్ముడు వచ్చి, సంగతి తెలిసి, అక్కడే నేల మీద చతికిలబడ్డాడు.

ఇంటికి పోయే ముందు బామ్మర్ది, నా భుజం మీంచి చిందిన రంగు పోవాలని, నల్లా కింద ముఖం కడుక్కున్నాడు.

"అక్కకు చెప్పకు బావా. మల్ల ఆడనియ్యది."

"ఫికర్ వడకు. చెప్పుడు నాకిడిసిపెట్టు."

దారి పొడుగునా కథ అల్లాను. గడప దాటగానే మొదలుపెట్టాను. నలుగురు చుట్టుముట్టారని, నేను గాల్లో లేచి వెనక్కి పల్టీ కొట్టానని, గోళీలు నా వెంట తేనెటీగల్లా తిరిగాయని, మెడ మీది వాత అదేనని. బామ్మర్ది తల ఊపుతున్నాడు. నా భార్య వింటోంది. నా వైపు చూడడం లేదు. తమ్ముడి దగ్గరికి వచ్చి, గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకు తిప్పింది. కొంగు కొస నీళ్లలో ముంచి, అతని కుడి కనుబొమ మీద రుద్దింది. కొంగు పసుపయింది.

మాస్కు ఉన్న మనిషికి అక్కడ రంగు పడదు.

తేనెటీగల దగ్గర నా కథ ఆగిపోయింది. ఎంత వెతికినా తర్వాతి వాక్యం దొరకలేదు. ఆమె నా వెనక్కి వచ్చి చొక్కా కాలరు దించి మెడ చూసింది. భుజం చూసింది. వేలితో వాత చుట్టూ ఒకసారి తడిమింది. వంటింట్లోకి పోయి కొబ్బరినూనె తెచ్చి నా ముందు పెట్టి, అన్నం వడ్డించడానికి పోయింది. బామ్మర్ది పళ్లెంలోంచి తల ఎత్తలేదు.

తర్వాతి ఆదివారం బండి తీస్తుంటే ఆమె చెప్పులేసుకుని వచ్చి వెనక కూర్చుంది.

"నువ్వెక్కడికే?"

"నడువు."

మైదానం దగ్గర ఆమె విజిలామెతో ఏదో మాట్లాడింది. ఇద్దరూ నా వైపు చూసి తలలూపారు, అది నాకు నచ్చలేదు. తర్వాత తమ్ముణ్ణి ముందు కూర్చోబెట్టి, మాస్కు తొడిగి, పట్టీ రెండు కొసలూ లాగి ముడేసింది. పుట్టింట్లో చిన్నప్పటి నుంచి తెగిన పోగులు కలిపిన వేళ్లు అవి. అది పోగుల ముడి, చిన్నది, గట్టిది. ఎంత లాగితే అంత బిగుస్తుంది.

"గిది తియ్యాల్నంటె నా దగ్గరికే రావాలె తమ్మీ. నేను వల బయట కూసుంట."

అప్పటి నుంచి అంతే. ఆట మధ్యలో దాహమైనా, దురద పెట్టినా, గెలిచినా అతను వల దాటి వచ్చి అక్క ముందు తల వంచుతాడు. ఆమె ముడి విప్పుతుంది. మంచినీళ్లిస్తుంది. మళ్లీ వేస్తుంది. ఇప్పుడు నేను నిమ్మళంగా ఆడొచ్చు. ఆడలేను. టైర్ల వెనక కూర్చున్నా మెడ ఊరుకోదు, ప్రతి రెండు అడుగులకూ లేచి అతని తల వెనక ఆ ముడి ఉందా అని చూస్తాను. లేచిన ప్రతిసారీ తగులుతుంది, తగిలించేది ఎక్కువగా అతనే.

"బావా," అంటాడు మాస్కులోంచి, "గింత వయసొచ్చింది, జర కూసునుడు నేర్సుకోరాదు?"