సాల్కీ తెలుగులో పోట్లాడితే

సైనిక్‌పురిలోని ఆ అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో సాల్కీ గొంతు తెలియనివాళ్లు లేరు. వాచ్‌మన్ హర్యా భార్య. దేవరకొండ దగ్గరి తండా నుంచి వచ్చి, మెట్ల కింద గదిలో ఇద్దరు పిల్లలతో ఏళ్లుగా ఉంటున్నారు. మామూలుగా మొగుడూ పెళ్లాలు మాట్లాడుకునేది లంబాడీలో. పోట్లాటకు మాత్రం సాల్కీ తెలుగు వాడుతుంది. పైనున్నవాళ్లకు అర్థం కావాలిగా.

మొన్న జూన్‌లో ఆమె తెలుగు బాగా వినిపించింది. కూతురు రజిత పదో తరగతి మంచి మార్కులతో పాసై, గిరిజన బాలికల గురుకుల కాలేజీలో సీటు తెచ్చుకుంది. చదువు, తిండి, హాస్టలు అన్నీ ఉచితం. శనివారంలోగా చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. హర్యా వద్దన్నాడు.

"అది పోతే మోటర్ ఎవరేస్తరే?"

నవ్వొచ్చే ప్రశ్నే గాని, ఆ ఇంట్లో చిన్నది కాదు. తెల్లవారకముందే సాల్కీ బేగంపేటలో ఒక ఆఫీసు ఊడవడానికి బస్సెక్కుతుంది. ఆ వేళకు హర్యా కార్లు తుడుస్తుంటాడు. కొడుకు రాజుది ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం, వాడి స్కూలు బస్సు పొద్దున్నే వస్తుంది. ప్రభుత్వ బడి వీధి చివరే కాబట్టి మోటారు రజిత పాలబడింది. లేదా మోటారు కోసమే ఆమెకు ఆ బడి దక్కిందేమో, ఎవరూ ఆలోచించలేదు. స్విచ్చి వేసి, టెర్రస్ మీద ట్యాంకు పక్కన కూర్చుని నిండేదాకా చదివి, దిగివచ్చి ఆపి, మెట్లు ఊడ్చి బడికి వెళ్లేది. పదో తరగతి అలాగే గట్టెక్కింది. బళ్లో ఆమెను తండా పిల్ల అనేవారు, అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ కూతురు. పేరుతో ఎవరికీ పెద్దగా పని పడలేదు.

అసోసియేషన్ సెక్రటరీ ఓంప్రకాశ్ మంచివాడే. ఆయన కూతురు అనుపమకూ రజిత వయసే. పొద్దున కోచింగుకు వెళ్లేలోపు ఆ పిల్ల స్నానానికి నీళ్లుండాలి.

"అంత దూరం ఎందుకమ్మా? ఓపెన్‌లో ఇంటర్ కట్టించు. ఆడపిల్ల, కండ్ల ముంగటుంటది," అన్నాడు సాల్కీతో.

"అనుపమ పాపకు సుత గదే కట్టిస్తున్నరా సార్?"

ఓంప్రకాశ్ ఫోను చూసుకున్నాడు.

ఆ సాయంత్రమే సాల్కీ రజితను చిలకలగూడలో ఉన్న తమ్ముడింటికి బయల్దేరదీసింది. "రెండ్రోజులుండి రా. నువ్వు లేకుంటె ఈ బిల్డింగు నిలవడ్తదో లేదో చూస్తం."

"నీళ్లు రాకుంటె అందరు నన్ను తిడ్తరమ్మా."

"తిట్టనియ్. ఇననీకి నువ్వుండవు గదా!"

మర్నాడు కుళాయిలు బుస్సుమన్నాయి. వాట్సాప్ గ్రూపులో శుభోదయం పువ్వుల మధ్య 'నీళ్లేవి?' అన్న ప్రశ్న పైకీ కిందికీ తిరిగింది. మోటారు ఎవరో వేసే ఉంటారని, కార్లు తుడుస్తున్న హర్యాతో సహా, అందరూ అనుకున్నారు. రెండోరోజు ఓంప్రకాశ్ స్వయంగా దిగి మోటారు వేశాడు. వేశానని గ్రూపులో పెట్టాడు. చప్పట్ల బొమ్మలు కురిశాయి. ఆపడం మాత్రం ఎవరికీ గుర్తులేదు. ట్యాంకు పొంగి టెర్రస్ అంతా పారింది. మూడో అంతస్తు సువార్త టీచరుగారు మాగాయ కోసం తెల్లారగానే ఆరబోసిన మామిడి ముక్కలు ఈదుకుంటూ గోడ వారకు చేరాయి.

సువార్తగారిది కాకినాడ. రిటైరై చాలాకాలమైనా క్లాసురూము గొంతు తగ్గలేదు, మాగాయ విషయంలో అసలే దయలేదు.

"రోజూ మోటారు చూసే ఆ పిల్లేదండీ?" అని ఓంప్రకాశ్‌ను నిలదీశారు.

"మేనమామ ఇంటికి పోయిందట మేడమ్."

"ట్యాంకు నిండితే దానంతటదే ఆగిపోయే స్విచ్చి బజార్లో దొరుకుతుంది. మా అన్నయ్యగారింట్లో ఎప్పుడో పెట్టించారు. మనకెందుకు లేదు?"

"అవసరం పడలేదు మేడమ్," అన్నాడు ఓంప్రకాశ్. నిజమే చెప్పాడు.

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చాడు. స్విచ్చి బిగించి, టీ తాగి వెళ్లిపోయాడు.

హర్యాకు ఇంకో భయం మిగిలింది. ఇంటిల్లిపాదీ పని చేస్తారనే ఆ గది ఇచ్చారు. ఒక మనిషి తగ్గితే ఖాళీ చేయమంటారేమో. ఈ సంగతి అతను లంబాడీలో, గొంతు తగ్గించి చెప్పాడు. సాల్కీ గేటు దగ్గరికి నడిచి తెలుగులో జవాబిచ్చింది.

"ఏందీ, పిల్ల చదువుకుంటె రూము ఖాళీ చేపిస్తరా? ఎవరన్నరు? అన్నోళ్లను కిందికి రమ్మను!"

బాల్కనీల్లోకి తలలొచ్చాయి. "ఎవ్వరూ అనలేదమ్మా, జెర మెల్లగ," అన్నాడు పైనుంచి ఓంప్రకాశ్. సాల్కీకి కావలసింది ఆ మాటే, అదీ అందరూ వినేలా.

"ఇగ పరేషాన్ గాకు," అంది మొగుడితో.

శనివారం తల్లీతండ్రీ రజితను తీసుకెళ్లారు. కాలేజీ వరండా నిండా తండాల నుంచి వచ్చినవాళ్లే. ఇద్దరు తండ్రులతో హర్యా చుట్టరికం కలిపేశాడు. ఆదివారాలు చూడటానికి రానిస్తారా అని వార్డెన్‌ను రెండుసార్లు అడిగాడు. "ముందు నన్ను చేరనియ్ బాపూ," అని రజిత నవ్వింది.

ఇంటికొచ్చాక హర్యా చీపురు తెచ్చి రాజు చేతిలో పెట్టాడు. "ఇగ రోజు మీ అక్క ఊడ్చే మెట్లు నువ్వూడ్వాలె."

"నాకు స్కూలుంది గదా బాపూ!"

"దానికి లేకుండెనా?"

వాడు తల్లివైపు చూశాడు. సాల్కీ పక్కకు జరిగి మెట్లకు దారిచ్చింది.