మేడం రొట్టెల పులుపు తాగేస్తి

నిన్న నా పరువు పోయేది, కొంచెంలో తప్పిందమ్మా! ఈపొద్దుకు గానీ ఊపిరి ఆడలేదు. టీ తాగుతా వినండి.

మా తిరుమణి ఊర్లో, మా ఇంటి మిద్దెపైన రూంలో సోలార్ ప్లాంటు ఇంజినీరు మేడం బాడుగకుండాది కదా. ఆయమ్మ ఆదివారమైతే రై అని గోధుమల్లాంటి గింజల పిండిలో ఎండుద్రాక్ష, అంజూరం ఏసి బన్నుల్లాంటి రోల్స్ చేస్తాది. ఈస్ట్ ఎయ్యదు. గాజు సీసాలో పులిసిన పిండి ఉంటాది, అదే కలుపుతాది. స్టార్టర్ అంట. చనిపోయిన వాళ్ళమ్మ పులియబెట్టిందంట.

అటుమొన్న బెంగళూరుకు పోతా సీసా నా చేతికిచ్చింది. "రెండు దినాలు జాగ్రత్తక్కా. దినమూ ఒక స్పూన్ పిండి, ఒక స్పూన్ నీళ్ళు. అమ్మ గుర్తు నాకు ఇదొక్కటే."

స్పూనేంది, మనింట్లో ఎవరికైనా స్పూనుతో పెడతామా? గుప్పెడు ఏసినా. అది పొంగి సీసా దాటి కారింది! సరేలే అని గిన్నెలోకి వంచి, చల్లగుంటాదని రాగి అంబలి కుండ పక్కన పెట్టినా. సీసాను అంట్లలో పడేసినా.

నిన్న ప్లాంటులో కూలికి సోలార్ ప్యానెళ్ళు కడిగి మధ్యాన్నం ఇంటికొచ్చినా. ఎండకు కండ్లు బైర్లు కమ్మినాయి. గిన్నెలో చూస్తే అంబలి రంగే, అంబలి పులుపు వాసనే. మజ్జిగ పోసి, ఉప్పేసి, ఎర్రగడ్డ తరిగి గటగటా తాగేస్తి. తేన్పు కూడా వచ్చింది. అప్పుడు చూసినా, అంబలి కుండ నిండుగా అట్లే ఉండాది!

అయ్యో దేవుడా! అంతలోనే బెంగళూరు నుంచి మేడం దిగింది. "అక్కా, నా స్టార్టర్ యాడ?"

"పిల్లి తాగేసింది మేడం!"

ఆయమ్మ గిన్నె చూసింది, పక్కన ఉల్లిపొట్టు చూసింది. "పిల్లి ఎర్రగడ్డ కూడా ఒలుచుకుందా అక్కా?"

ఏడుపొచ్చేసింది నాకు. "నేనే తాగేస్తి తల్లీ, తప్పైపోయింది!"

మేడం మొగం చిన్నబోయింది. మెల్లగా అడిగింది, "సీసా కడిగేసినావా?"

నేనెప్పుడు టైముకు అంట్లు కడిగినానప్పా! ఆయమ్మ సీసా అంచుకు ఎండి అతుక్కున్న పిండిని గీకి, గోరువెచ్చని నీళ్ళు, కొత్త పిండి కలిపి పెట్టింది. రాత్రంతా నాకు నిద్ర లేదు. పొద్దున పోయి చూస్తే బుడగలు! బతికింది! మేడం నన్ను వాటేసుకొని ఏడ్చింది, నేనూ ఏడిస్తి. ఎంత హాయిగా ఉండాదో చెప్పలేను.

కండ్లు తుడుచుకొని ఆయమ్మ అడిగింది, "అది సరే అక్కా, గిన్నెలో ఒక చుక్కైనా మిగల్లేదేంది?"

ఇంక దాచేదేముంది? "మీయమ్మ పులుపు బలే ఉండె మేడం. గిన్నె కూడా నాకేస్తి!"