చాయ్ తాగని కిరాయిదార్లు

ఇరవై ఏళ్ల భానుప్రకాశ్‌ని రాజమండ్రిలో వాళ్ళమ్మ ఇంకా బుజ్జిగాడనే పిలుస్తుంది. ఇక్కడ మాత్రం అతను ఎల్డర్, అంటే పెద్దాయన! మోర్మన్ చర్చి మిషనరీ కుర్రాళ్ళందరికీ అదే పిలుపు. తెల్లచొక్కా జేబు మీది నల్లబిళ్ళ మీద కూడా అదే రాసుంటుంది. ఈ మేడ్చల్ వైపు వచ్చి ఇంకా నెల తిరగలేదు. ఎక్కడికెళ్ళినా జంటగానే వెళ్ళాలన్నది వాళ్ళ కట్టుబాటు కాబట్టి కోయంబత్తూరు కుర్రాడు జెబరాజ్ ఎప్పుడూ పక్కనే ఉంటాడు. ఒకడికి కొత్తిమీర కావాలన్నా ఇద్దరూ బయల్దేరాల్సిందే.

పొద్దున్నే లేవడం, చదువుకోవడం, ఉప్మా మాడబెట్టుకుని తినడం, బస్సెక్కడం. బహదూర్‌పల్లిలో ఒక కుటుంబం, శామీర్‌పేట చెరువు అవతల ఇంకో కుటుంబం, ఇలా రమ్మన్నవాళ్ళ ఇళ్ళకే వెళ్తారు. ఒకచోట పిల్లలకి లెక్కలు చెబుతారు, ఇంకోచోట గ్యాస్ సిలిండర్ పైకి మోస్తారు, ఆ తర్వాత కాసేపు వాక్యం చదివి ప్రార్థన చేస్తారు. ఎండలో ఆ తిరుగుడేంట్రా నాయనా అనుకుంటాం గానీ, భానుకి మాత్రం తెగ నచ్చేసింది. ఇక్కడివాళ్ళు వారం తిరక్కుండానే అతన్ని ఇంట్లో మనిషిని చేసేసుకున్నారు.

సరిగ్గా అప్పుడే సుచిత్ర ఏరియాలో వాళ్ళుంటున్న ఫ్లాటును యజమాని అమ్మేశాడు. పదో తారీఖుకల్లా మేడ్చల్‌లో ఇల్లు దొరక్కపోతే ఇక్కడి పనే ఆపేసి, ఇద్దర్నీ చెరో ఊరికి పంపేస్తామని చర్చి పెద్దల నుంచి ఫోనొచ్చింది. ఇద్దరూ వీధి వీధీ తిరిగారు. పెళ్ళికాని కుర్రాళ్ళకి ఇల్లెవరిస్తారండీ? గేటు దగ్గరే తల అడ్డంగా ఊపేసేవారు.

చివరికి ప్రతాప్ అని, ప్లాట్ల వ్యాపారం చేసే ఆసామి మేడమీది వాటా ఖాళీగా ఉందన్నాడు. ఆయన భయం ఒక్కటే.

"ఇంట్ల మైకు గిట్ల వెడ్తరా?"

"మైకు కాదు కదా, డప్పు కూడా లేదండీ."

"అయితే మా అమ్మనడుగుండ్రి. ఇల్లు ఆమెది, మాట ఆమెది."

ఆ అమ్మ పేరు నర్సమ్మ. డెబ్బై దాటినా గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది. జేబుమీది బిళ్ళ సంగతేంటో అడిగి తెలుసుకుని పడీపడీ నవ్వింది. "మూతిమీద మీసమన్న సక్కగ రాలే, పెద్దమనిషంట!" అంటూ రెండు కప్పుల్లో చాయ్ తెచ్చి పెట్టింది.

"మేం టీ తాగమండీ, అమ్మమ్మగారూ."

నర్సమ్మ మొహంలో నవ్వు ఇట్టే ఆగిపోయింది. "అమ్మమ్మగారేంది, అవ్వ అను. ఎందుకు తాగరు? పోచమ్మకు దీపం వెట్టిన చేతులనా? మా గల్లీల ఒకామె గిట్లనే బోనం ప్రసాదం ముట్టనన్నది. నా ఇంట్ల చాయ్ తాగనోళ్లకు నా ఇల్లెట్లిస్త?"

"అయ్యయ్యో, అది కాదవ్వా! టీ, కాఫీ మా ఇంట్లో కూడా తాగం. మా చర్చి నియమం. మీరు వండింది ఏదైనా పెట్టండి, కంచం నాకేస్తాం."

"గట్లనా! ఐతారం పగటి బువ్వకు రండ్రి. నాటుకోడి కూర, జొన్నరొట్టె జేస్త. తిన్నంకనే ఇల్లు ముచ్చట."

భాను ఎగిరి గంతేసినంత పనిచేసి ఒప్పేసుకున్నాడు. బస్టాపు దాకా వచ్చాక జెబరాజ్ నెమ్మదిగా అన్నాడు, "ఎల్డర్, ఈ ఆదివారం మొదటి ఆదివారం కదా."

భాను అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. నెలలో మొదటి ఆదివారం వాళ్ళకి ఉపవాసం. శనివారం రాత్రి తింటే మళ్ళీ ఆదివారం చీకటి పడ్డాకే ముద్ద. మధ్యలో మంచినీళ్ళు కూడా ఉండవు. "నెక్స్ట్ సండే ఉందాం. దేవుడు కోపపడడు," అన్నాడు జెబరాజ్. భానుకి ఆ మాట అమృతంలా వినిపించింది.

ఆదివారం చర్చి నుంచి నేరుగా వెళ్ళారు. వీధి మొదట్లోనే మసాలా వాసన! నర్సమ్మ పీటలు వేసి, కంచాల నిండా వడ్డించి, నడుమ్మీద చెయ్యేసుకుని ఎదురుగా నిలబడింది. భాను రొట్టె తుంచాడు. తుంచి ఆగిపోయాడు. చాయ్‌కి అడ్డొచ్చిన నియమం కోడికూర దగ్గర అడ్డురాకపోతే, మొన్న చాయ్ వద్దన్నది ఈవిడకి నిజంగానే అవమానం కాదూ? ఇల్లు పోతుందని తెలుసు. ఏడుపొచ్చినంత పనైంది. అయినా రొట్టె కంచంలో పెట్టేశాడు.

"అవ్వా, తప్పు నాదే. రోజు చూసుకోకుండా వస్తానన్నాను. ఇవాళ మాకు ఉపవాసం. ఈ రెండు పూటల తిండికయ్యే డబ్బులు లేనివాళ్ళకిస్తాం. రాత్రిగ్గానీ తినకూడదు."

ప్రతాప్ నెత్తి కొట్టుకున్నాడు. నర్సమ్మ మాత్రం నోరు తెరుచుకుని చూసింది.

"ఒక్కపొద్దా? ఓరి పిలగా! నేను శనివారం శనివారం ఉంట గద. ముందుగాల జెప్తే నా సొమ్మేం వోతుండె?" కంచాల్లోవన్నీ చకచకా గిన్నెల్లోకి తీసి మూతలు పెట్టింది. "గిన్ని గంటలు మీరు ఆగిండ్రు, ఇంకిన్ని మేం ఆగలేమా? కూసోండ్రి."

"మీరు తినండవ్వా," అన్నాడు భాను.

"ఇంటికొచ్చిన పోరగాండ్లు పస్తుంటే నా నోట్లకు ముద్ద వోతదా?"

ఇక చూడాలి ప్రతాప్ అవస్థ! తల్లి తినకుండా తను తినలేడు, ఆకలికి ఆగలేడు. వంటింటి గుమ్మం దాకా వెళ్ళడం, తల్లి చూపు చూసి వెనక్కి రావడం. కుర్రాళ్ళిద్దరూ మేడమీది వాటా అంతా ఊడ్చిపెట్టారు. నర్సమ్మ తన పెళ్ళి కబుర్లు, పొలం తగాదాలో కోర్టుకెక్కిన కబుర్లు అన్నీ చెప్పింది.

దీపాలు పెట్టాక మళ్ళీ కంచాలొచ్చాయి. ప్రతాప్ తట్టుకోలేక అడిగేశాడు. "అమ్మా, ఇంతకూ ఇల్లిస్తున్నవా లేదా?"

"ఇయ్యనోళ్ల కోసం నేను ఉపాసముంటనారా?" అంది నర్సమ్మ.

నర్సమ్మ కొంగు సర్దుకుని, "మీ దేవునికి దండం వెట్టుకోండ్రి ఇగ," అంది. మామూలుగా భాను ప్రార్థన మొదలుపెడితే జెబరాజ్ ఒక కునుకు తీసి లేస్తాడు. ఆ రాత్రి మాత్రం భాను రెండు ముక్కల్లో ఆమెన్ అనేశాడు. అవ్వకి ఆకలేస్తోంది మరి.