వాటా వేసినవాడే చివర

దస్తావేజు లేఖరి విజయ్ పాల్ కుడిచేతి వేలు కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ మీద పేరు పేరునా దిగుతోంది. ఎడమచేతిలోని చెక్క స్కేలు, నిన్న తనే టైపు చేసిన దస్తావేజు మీద అవే పేర్ల కింద ఆగుతోంది. తలుపులమ్మ, గంగయ్య భార్య. ఉంది. వీరబాబు, పెద్ద కొడుకు. ఉంది. నాగదుర్గ, చనిపోయిన చిన్న కొడుకు దుర్గాసాయి భార్య. ఉంది. వేలు నాలుగో పేరు మీదికి దిగింది. అశ్విని, దుర్గాసాయి కూతురు, తొమ్మిదేళ్లు. స్కేలు కింద ఆ పేరు లేదు.

ఆయన తలెత్తాడు. గదిలో బల్లకు అవతల ఆ ముగ్గురే కూర్చున్నారు. రోడ్డుకు అటుపక్క సబ్-రిజిస్ట్రార్ ఆఫీసు. వాళ్ల రిజిస్ట్రేషన్ స్లాటు రెండు గంటలకు. ఇప్పుడు పదకొండున్నర.

నిన్న వివరాలన్నీ వీరబాబు ఫోనులో చెప్పాడు. ఉప్పాడలో, చనిపోయిన తండ్రి గంగయ్య పేరిట ఆరు సెంట్ల స్థలం, అందులో రెండు గదుల ఇల్లు. తల్లీ, మరదలూ తనకు హక్కు విడుదల రాస్తారని చెప్పాడు. పాప సంగతి చెప్పలేదు.

విజయ్ పాల్‌ది పదో తరగతి చదువు. తల్లి కడియం నర్సరీల్లో అంటు కట్టేది. ఆయన అప్పాజీ గారనే పాత లేఖరి దగ్గర చేరి, మూడేళ్లు పాత దస్తావేజులకు నకళ్లు రాసి రాసి పని పట్టుకున్నాడు. ఈసీ తీస్తే స్థలం మీద రిజిస్టరైన అమ్మకాలూ తనఖాలూ కనిపిస్తాయి, నోటిమాటలు కనిపించవని అక్కడే నేర్చాడు. ముందు ఎవరిదో చెప్పే లింకు డాక్యుమెంటు లేని స్థలం తల్లిదండ్రులు తెలియని మనిషిలాంటిదని అప్పాజీ గారు అనేవారు. అంతా నేర్చుకున్నాక కూడా ఒకసారి తప్పు చేశాడు. రామతులసి అనే ఆవిడ అన్నదమ్ములకు విడుదల రాసిచ్చి, తన వాటా కాగితం ఎప్పుడిస్తారని నెల తర్వాత ఈ బల్ల దగ్గరికే వచ్చింది. రాసినదాంట్లో అక్షరం తప్పు లేదు. ఆవిడకు అర్థమైందో లేదో అడగలేదు, అంతే. ఆ రోజునుంచి, ఎవరైనా సరే కాగితం ఏం చేస్తుందో తమ నోటితో చెబితే తప్ప ఆయన పెన్ను చేతికివ్వడు.

“అమ్మా, ఈ కాగితం మీద సంతకం పెడితే ఏమవుద్ది? మీ మాటల్లో చెప్పండి” అన్నాడు నాగదుర్గతో.

చేపలమ్మే చేతులు ఒళ్లో పెట్టుకుని ఆమె బావగారి వైపు చూసింది. “మా ఇంటికి కాగితం లేదు కదండి. మా వాటాకి కాగితం వస్తదండి” అంది.

తలుపులమ్మను అడిగాడు. ఇల్లు పెద్దోడికి సగం, చిన్నోడి పెళ్లానికీ బిడ్డకీ సగం అని ఆమె చెప్పింది.

వీరబాబు కుర్చీ వెనక్కి జరిగింది. “టైమవుతుంది పాల్ గారూ. నేను రాయమన్నది రాశారు. చాలు కదండి.”

“రాశానండి. ఇప్పుడు ఇది చేసే పని చెబుతాను” అని విజయ్ పాల్ నాగదుర్గ వైపు తిరిగాడు. విడుదల అంటే పట్టుకున్న తాడు వదిలేయడం. ఈ కాగితం మీద సంతకం పడితే ఆరు సెంట్లూ మీ బావగారివే. మీకు వాటా కావాలంటే రాయాల్సింది పంపకం, భాగపత్రం అంటారు. ఒకళ్లది ఇక్కడికి, ఇంకొకళ్లది ఇక్కడినుంచి అని హద్దులు వేస్తుంది. పైగా మైనరు పాప వాటా వదలడానికి తల్లి సంతకం చాలదు, కోర్టు అనుమతి కావాలి.

నాగదుర్గ చీర చెంగు వేలికి బిగుసుకుంది. వాళ్ల మొదటి ఇల్లు సముద్రం తీసుకుపోయింది. గంగయ్య ఆ తర్వాతే రోడ్డు పక్కకు జరిగి ఈ స్థలం కొన్నాడు. ఇది పోతే ఆమెకు, పాపకు నిలువ నీడ లేదు.

వీరబాబు గొంతు తగ్గించి తన బాధ చెప్పుకొచ్చాడు. బ్యాంకు లోను కావాలంటే స్థలం ఒకళ్ల పేరిట ఉండాలన్నారట. మేడ కట్టాక మరదలికి కింద గది ఇస్తాడట. తన మాట మీద నమ్మకం లేదా అని తల్లిని అడిగాడు.

“నమ్మకం ఉంటే రాయడానికి భయమేంటిరా?” అంది తలుపులమ్మ.

అతను ఆధార్ కార్డులన్నీ గబగబా కవర్లో కుక్కి లేచాడు. ఇంకో లేఖరి దొరకకపోడని, అరగంటలో పని అయిపోతుందని అన్నాడు. మరదలిని రమ్మన్నాడు. ఆమె సగం లేచింది. పదేళ్లుగా బావగారి మాట కాదన్న మనిషి కాదు. విజయ్ పాల్ ఆపడానికి ప్రయత్నించలేదు. ఒక తెల్లకాగితం తీసి, లింకు డాక్యుమెంటులోని కొలతలు చూసి స్కేలుతో స్థలం గీశాడు. పడమర రోడ్డు, తూర్పు ఇంకొకరి గోడ. పెన్సిలు వీరబాబు ముందు పెట్టాడు.

“వెళ్లేముందు వాటా మీరే గీయండి. ఇష్టమైనట్టు.”

వీరబాబు నిలబడే గీశాడు. తనకు ముందువైపు నాలుగు సెంట్లు, ఇంటితో సహా. మరదలికి వెనక రెండు సెంట్లు, రోడ్డు లేకుండా. పెన్సిలు పడేసి, ఇదిగో రాసుకోండి అన్నాడు.

తలుపులమ్మ ఆ గీతను చాలాసేపు చూసింది. “ఒరే పెద్దోడా, వేట నుంచొచ్చాక ఇసకలో చేపలు వాటాలేసేది ఎవరు?”

అతను కవరు చంకలో పెట్టుకున్నాడు.

“మీ నాన్న వేసేవోడు. ముందు తీసుకునేది ఎవరు?”

“మిగతావోళ్లు.”

“వేసినోడు?”

“చివర.”

“మరి వాటా నువ్వేశావు. దుర్గా, కావాల్సింది తీసుకో.”

నాగదుర్గ మెల్లగా చెయ్యి చాచి, ముందువైపు నాలుగు సెంట్ల మీద వేలు పెట్టింది. బావగారు తన వైపు చూసినా వేలు తీయలేదు. ఒడ్డున ఈ పద్ధతి తప్పినవాణ్ణి మరునాడు ఎవరూ పడవ ఎక్కించుకోరు. అది వీరబాబుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అతను కూర్చున్నాడు. రబ్బరుందా అండి అని అడిగాడు.

ఈసారి గీత నిలువుగా పడింది. రెండు గదుల మధ్య గోడ మీదుగా, రోడ్డు నుంచి వెనక గోడ దాకా. ఉత్తరం మూడు సెంట్లు, దక్షిణం మూడు సెంట్లు. రెండింటికీ రోడ్డుంది. గీసి, కాగితాన్ని తనే మరదలి వైపు తిప్పాడు.

ఆమె దక్షిణం తీసుకుంది. చేపలు ఎండబెట్టుకోవడానికి గాలి ఆ పక్కనే బాగుంటుందట.

పన్నెండూ ఇరవై. విజయ్ పాల్ కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. పాత ఫైలు తెరవలేదు, మొదటి అక్షరం నుంచీ కొట్టాడు. బోరు దక్షిణం ముక్కలో ఉంది. దాని సంగతి అడిగితే, ఇద్దరం వాడుకుంటాం కదా అన్నాడు వీరబాబు. వాడుకోవడం వేరు, హక్కు వేరు అని విజయ్ పాల్ బోరును ఉమ్మడి అని రాశాడు. దాని దాకా మూడడుగుల దారి, ఎవరూ అడ్డం కట్టకూడదని ఇంకో వాక్యం చేర్చాడు. తలుపులమ్మ తనకు ముక్క వద్దంది. అయితే బతికినంతకాలం రెండు గదుల్లో ఎక్కడైనా ఉండే హక్కు రాయనివ్వమ్మా అన్నాడు. దక్షిణం వాటా నాగదుర్గకూ, తల్లి సంరక్షణలోని మైనరు అశ్వినికీ అని రాసి, నాలుగు దిక్కుల హద్దులూ స్కేలు పెట్టి రెండుసార్లు చదివాడు. ఒకచోట తూర్పు, పడమర తారుమారయ్యాయి. సరిచేశాడు.

ప్రింటు వచ్చేసరికి ఒకటీ నలభై. పెన్ను ఇవ్వకుండా మళ్లీ అదే ప్రశ్న అడిగాడు.

“దక్షిణం మూడు సెంట్లు నాదీ, పాపదీనండి. ఉత్తరం బావగారిది. బోరు ఇద్దరిదీ. అత్త ఎక్కడైనా ఉంటది” అంది నాగదుర్గ, గుక్క తిప్పుకోకుండా.

వీరబాబు వంతు వచ్చినప్పుడు అతను తలుపు వైపు చూస్తూ చెప్పాడు. కాని సరిగ్గానే చెప్పాడు. విజయ్ పాల్ పెన్ను క్యాపు తీసి ఇచ్చాడు.

రోడ్డు దాటి వెళ్లారు. వేలిముద్రలు తీసే మిషను దగ్గర తలుపులమ్మ ముద్ర రెండుసార్లు పడలేదు. వల లాగీ లాగీ గీతలు అరిగిపోయాయి. విజయ్ పాల్ తడిగుడ్డతో ఆమె బొటనవేలు తుడిచి, మెల్లగా అద్దం మీద ఒత్తిపట్టాడు. మూడోసారి పడింది.

నాలుగున్నరకు ముద్రలు పడిన రెండు ప్రతులూ ఆయన చేతికొచ్చాయి. పేజీలు లెక్కపెట్టి, ప్రతి సంతకం చూసుకుని, ఒకటి వీరబాబుకిచ్చాడు. రెండోది ఉప్పుగాలి తగలకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మూతి మడిచి, నాగదుర్గ చేతిలో పెట్టాడు.