కొలతలు మారిన సఫారీ

నాన్నగారికి రైల్వేలో బదిలీ అయి, శ్రీకాకుళం వైపు నుంచి మౌలాలికి వచ్చాం. ఆ రోజుల్లో ఎవరిని కదిపినా కంప్యూటర్ మాటే. నేనూ ఒక కోర్సు చేసి, సికింద్రాబాద్ బజారులోని ఒక టైలరింగ్ షాపులో ఉద్యోగానికి కుదిరాను. వచ్చేవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, కొలతలు కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. ఎక్కించాక కొలతలు రాసిన చీటీలు పారేసేవాళ్లం. షాపు యజమానిని అందరూ మాస్టర్ అనేవారు. ఆయన కంప్యూటర్‌ను ముట్టుకునేవారు కాదు కానీ, రోజూ పొద్దున్నే దానికి అగరుబత్తి తిప్పేవారు.

అల్వాల్‌లో ఉండే ఒక రిటైర్డ్ సైనికుడు ఎన్నో ఏళ్లుగా మా దగ్గరే బట్టలు కుట్టించుకునేవారు. తమ్ముడి షష్టిపూర్తి ఉందని గుడ్డ పంపి, పాత కొలతలకే సఫారీ సూటు కుట్టమని ఫోన్ చేశారు. కంప్యూటర్‌లో ఉన్న అంకెలు చదివాను, మాస్టర్ కత్తిరించారు. తీరా ఆయన వచ్చి వేసుకుంటే భుజాలు జారిపోయాయి. ప్యాంటు చేత్తో పట్టుకుంటే గానీ నిలవలేదు.

మాస్టర్ టేపు పెట్టి కొలిచి, కంప్యూటర్‌లో ఎంతుందో నన్నడిగారు. మళ్లీ కొలిచారు.

“నడుం బాగ తగ్గింది సార్. తబియత్ మంచిగుంటున్నదా?”

ఆయన అద్దంలో చాలాసేపు చూసుకున్నారు. “నాకేం తెలియలేదే,” అని మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయారు.

అదే వారంలో ఒక బ్యాంకు ఉద్యోగికి చొక్కా గుండీ పట్టలేదు. ఒక లెక్చరర్‌కు చేతులు మోచేతి కిందే ఆగిపోయాయి. మాస్టర్ టేపు మీద అనుమానపడి కొత్తది కొన్నారు. నాకు నా కళ్ల మీదే అనుమానం వచ్చింది. తెర మీదవి నేను కొట్టిన అంకెలే. ఎక్కడా చెరిగిపోలేదు. తప్పెక్కడుందో ఎంత చూసినా అంతుబట్టలేదు.

చివరికి పాత ఫ్లాపీలో దాచిన కాపీ తెరిచి పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమైంది. అంతకుముందు కంప్యూటర్ బాగుచేయడానికి వచ్చినాయన మాకు మేలు చేద్దామని పేర్లను అక్షరక్రమంలో సర్దిపోయాడు. పేర్లు మాత్రమే కదిలాయి. కొలతలు ఉన్నచోటే ఉండిపోయాయి. ఒకరి నడుం ఇంకొకరికి పోయింది.

పాత కాపీలో నంబరు చూసి అల్వాల్‌కు ఫోన్ చేస్తే ఆయన కోడలు తీసింది. మామగారు చిక్కిపోతున్నారని పరీక్షలకు తీసుకెళ్లారట. మర్నాడు ఆయనే వచ్చారు. జరిగింది చెప్పాను. ఆయనకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

“అయితే నేను చిక్కలేదా అమ్మా?”

“లేదండి.”

ఆయన కుర్చీలో కూర్చున్నారు. పరీక్షలన్నీ బాగానే వచ్చాయట. కానీ ఎప్పుడో మాటా మాటా అనుకుని మాట్లాడ్డం మానేసిన కొడుకు, ఇప్పుడు రోజూ సాయంత్రం పక్కన కూర్చుని అన్నం తినిపించినంత పని చేస్తున్నాడట. ఈ సంగతి ఇంట్లో చెప్పాలో వద్దో తెలియడం లేదన్నారు.

“చెప్పుండ్రి సార్. ఆళ్లు సుత పరేషాన్ అయితున్నరు గద,” అన్నారు మాస్టర్.

ఆయన ఇంట్లో చెప్పినట్టే ఉన్నారు. సరిచేసిన సఫారీ కోసం కొడుకుతో కలిసి వచ్చారు. ప్యాంటు పొడవు గురించి ఇద్దరూ అద్దం ముందు వాదించుకుంటుంటే మాస్టర్ టేపు పట్టుకుని ఓపిగ్గా నిలబడ్డారు. నేను పాత కాపీ నుంచి ఒక్కొక్క పేరూ సరిచూసుకుంటూ కూర్చున్నాను. అన్నీ సరిపోయినా, ఏ పేరు చూసినా ఆ అంకెలు నిజంగా ఆ మనిషివేనా అని చాలాకాలం తికమకపడుతూనే ఉన్నాను.