అవనిగడ్డలో సుభద్ర పెద్దకర్మ

ఉదయం 7.10కి గుడివాడలో మచిలీపట్నం పాసింజరు ఎక్కాను. టికెట్టు పది రూపాయలు. అవనిగడ్డలో నా స్నేహితురాలు సుభద్ర పెద్దకర్మ. ఒకే బడిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు కలిసి పాఠాలు చెప్పాం. రిటైరయ్యాక తను చెల్లెలు విమల దగ్గర ఉండేది. పదకొండు రోజుల క్రితం తన ప్రాణం తనే తీసుకుంది. అంతకు ముందు ఆదివారం ఫోన్లో నాతో పద్నాలుగు నిమిషాలు మాట్లాడింది. అంతా ఆవకాయ సంగతే. అసలు మాట ఒక్కటీ చెప్పలేదు. నా కోపమంతా అందుకే.

"గుండెపోటు అనే చెప్పాం అక్కా, మీరూ అలాగే అనండి" అని విమల ముందే బతిమాలింది.

8.25కి మచిలీపట్నం. బస్టాండుకు ఆటో ముప్ఫై. 8.55కి అవనిగడ్డ పల్లెవెలుగు. ఆడవాళ్ళకు ఛార్జీ లేదు, ఆధార్ కార్డు మాత్రం మరిచిపోకండి. పక్కసీటు ఆవిడ నేను వెళ్ళే పని తెలుసుకుని "అయ్యో! ఏమైందండీ?" అంది.

"గుండెపోటు" అన్నాను. చల్లపల్లి దాకా కిటికీలోంచే చూశాను.

10.20కి అవనిగడ్డ. పన్నెండున్నరకు భోజనాలు. సుభద్రకిష్టమని గుత్తివంకాయ, పెసరపప్పు పాయసం చేయించారు. పక్క విస్తరి పెద్దాయన గారె తుంచుతూ "ఏ బాధా లేకుండా టక్కున పోయింది. అదృష్టవంతురాలండీ" అన్నాడు.

"బాధ లేకుండానా?" అన్నాను. గొంతు లేచింది. నెయ్యిగిన్నెతో వస్తున్న విమల అక్కడే ఆగిపోయింది. ఆమె మొహం చూసి నోరు మూసుకున్నాను. పాయసం ముట్టకుండా లేచాను. చావింట్లో వెళ్ళొస్తానని చెప్పకూడదు గనక ఎవరికీ చెప్పలేదు.

2.15కి తిరుగు బస్సు. మోపిదేవిలో నలభై ఏళ్ళావిడ ఎండుచేపల సంచితో ఎక్కి పక్కన కూర్చుంది.

"వాసనొస్తే ఏమనుకోకండి మామ్మగారూ. ఎక్కణ్ణించి?"

చెప్పాను. ఆవిడా ఏమైందని అడిగింది.

"తన ప్రాణం తనే తీసుకుందమ్మా" అన్నాను. ముందుసీట్లో ఇద్దరు వెనక్కి తిరిగారు.

ఆవిడ సంచిని కాళ్ళ దగ్గరికి లాక్కుంది. తర్వాత చిన్నగా "మా తమ్ముడూ అంతేనండి. చేలో పాము కరిచిందని చెప్పుకున్నాం. మా దివిసీమలో పామంటే ఇంకెవరూ అడగరు" అంది.

"వాడిమీద కోపం రాదూ?"

"రాకేం! ఎనిమిదేళ్ళయింది. వాడి పుట్టినరోజుకి పీతలకూర వండి, వెధవా, అక్కకొక్క మాట చెప్పలేకపోయావా అని తిట్టుకుంటూ తింటాను. మీరూ తిట్టండి. పోయినోళ్ళని తిట్టకూడదంటారు గానీ, మనోళ్ళేగా."

చల్లపల్లిలో దిగిపోయింది. పేరడగలేదు.

4.40 పాసింజరులో పెట్టె సగం ఖాళీ. పెడన దాటాక మొదలుపెట్టాను, పైకే. "ఏమే సుభద్రా, నేను పరాయిదాన్నా? అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎత్తనా? బస్సెక్కి రానా?" ఎదుటి సీటాయన సంచి తీసుకుని అవతలికి వెళ్ళాడు. కవుతరంలో ఏడుపొచ్చింది. గుడ్లవల్లేరులో మళ్ళీ తిట్టాను.

ఈ ప్రయాణంలో కోపం తగ్గిందని రాయలేను. తిట్టినంతసేపూ మాత్రం ఆ ఖాళీ సీట్లో తను తలవంచుకుని వింటున్నట్టే ఉంది. 5.50కి గుడివాడ వచ్చింది. దిగక తప్పలేదు.